తొడిమల సభలో మా బాబాయి

బాబాయి పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను కల్లంలో ఉన్నాను. ఎండ ఇంకా ఎక్కలేదు. ఆరబోసిన మిరపకాయల్ని కాళ్లతో తిరగేస్తున్నాను. ఫోన్ మోగితే ఎవరిదో మోటారు కాలిపోయి ఉంటుందని విసుక్కుంటూ ఎత్తాను. పిన్ని. "ఏరా, మీ బాబాయి లేవట్లేదు. ఒకసారి వచ్చి పిలువు. నువ్వు పిలిస్తే లేస్తాడేమో" అంది. నేను వెళ్లేసరికి ఆయన చెయ్యి చల్లబడిపోయింది. అయినా పిన్ని అడిగింది కాబట్టి రెండుసార్లు పిలిచాను.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. దర్శి చుట్టుపక్కల ఊళ్లలో తాగుడు మానేసిన ప్రతివాడికీ ఆయన బాబాయే, ఆవిడ పిన్నే. పత్తి మిల్లులో ఫిట్టరుగా చేసి, తను తాగుడు మానేశాక ఆ ఉద్యోగమూ మానేసి, రెండెకరాల మిరప తోట చూసుకుంటూ ఆయన పెట్టిన కూటాన్ని జనం మొదట ఎగతాళిగా తొడిమల సభ అన్నారు. తర్వాత ఎగతాళి పోయి ఆ పేరే మిగిలింది. నా ప్రాణం నిలబడింది ఆ సభలోనే. నా తమ్ముడి ప్రాణం పోయిందీ దానివల్లే. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి రాయాల్సి రావడం నా ఖర్మ. రాయకపోతే ఆయన ఫొటోకి దండేసి చేతులు దులుపుకున్నట్టు ఉంటుంది.

సభ అంటే కుర్చీలు, మైకులు అనుకునేరు. రేకుల షెడ్డు. మధ్యలో గోనెపట్టా మీద ఎండుమిరపకాయల కుప్ప. చుట్టూ మేము. రోజూ సాయంత్రం ఆరింటికి, అంటే సరిగ్గా బ్రాందీ షాపు దగ్గర సందడి మొదలయ్యే వేళకి, కూర్చుని కాయలకి తొడిమలు తీస్తాం. మామూలుగా ఆడకూలీలు చేసే పని అది. మగాళ్లు ముట్టుకోరు. ఊళ్లో నవ్వారంటే నవ్వరా మరి. వేసవి దాటాక కాయలు ఉండవని ఆయన పది బస్తాలు కోల్డ్ స్టోరేజీలో దాచి, ఏడాది పొడుగునా సభకి సరిపోయేలా కాస్త కాస్త తెప్పించేవాడు. "చేతులకి పనివ్వరా. నోటి సంగతి అదే చూసుకుంటుంది" అనేవాడు.

ఇంకో కారణం కూడా ఉందని నాకు చాలా రోజులకి చెప్పాడు. తాగుడు మానిన కొత్తలో మనిషికి ఊరికే ఏడుపొస్తుంది. మగాడు పదిమందిలో ఏడవలేడు. ఏడవలేక లేచిపోతాడు, లేచిపోయినవాడు తిన్నగా షాపుకే పోతాడు. "మిరపకాయల దగ్గర కళ్లు కారితే ఎవడూ ఎందుకని అడగడు కదరా" అన్నాడు. అందరం ముక్కులు ఎగబీలుస్తూ, దగ్గుతూ, కళ్లు కారుస్తూ ఉండేవాళ్లం. అందులో ఏది ఘాటు, ఏది ఏడుపు అని ఎవరికీ పట్టేది కాదు. ఈ ఒక్క ఆలోచన చేసినందుకు ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

నేను మొదటిసారి వెళ్లిన రోజు గుర్తుంది. నాది మోటార్ వైండింగ్ షాపు. వెంట్రుకంత రాగితీగని లెక్క తప్పకుండా చుట్టాలి. తాగుడు వల్ల వేళ్లు నిలవక రైతులు మోటార్లు తీసుకుని ఒంగోలు పోతున్న రోజులవి. బాబాయి గుమ్మంలోనే ఆపి, "జేబులు తిరగెయ్యి" అన్నాడు. తిరగేశాను. సీసాలు తెచ్చుకునేవాళ్ల కోసం పెట్టిన పద్ధతది. తర్వాత "చేతులు చాపు" అన్నాడు. చాపాను. గడగడా వణుకుతున్నాయి. కుప్ప చుట్టూ కూర్చున్నవాళ్లందరూ పని ఆపి నా చేతులకేసి చూశారు. ఎవడూ నవ్వలేదు. "సరే, కూర్చో" అన్నాడు. ఇక ఎవరూ ఏమీ అడగలేదు. కుప్పకి ఇవతల కూర్చుని ఒక్కో తొడిమా తీశాను.

ఎనిమిదింటికి పని ఆపేవాళ్లం. అప్పటికి వేళ్లు భగ్గుమంటూ ఉంటాయి. ఆయన మజ్జిగ బిందె తెచ్చి అందరి చేతుల్లో తనే పోసేవాడు. ఇంకెవరినీ పోయనిచ్చేవాడు కాదు. కడుక్కుంటుంటే చేతులకేసే చూసేవాడు. "నిన్నటి కంటే నయంరా" అంటే ఇక ఆ రోజుకి నాకు ఇంకో మెచ్చుకోలు అక్కర్లేదు. ఏడో నెలలో నా చేతుల్లో పోసిన మజ్జిగ చుక్క కూడా కింద పడలేదు. ఆ రోజు ఆయన బిందె కింద పెట్టి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

మంచి చెప్పుకున్నాం. మొండితనం కూడా చెప్పుకోవాలి. ఆడవాళ్లని సభలోకి రానిచ్చేవాడు కాదు. తాగి పాడైన ఆడమనిషి ఒకామె పక్క ఊరి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే, "నీకిక్కడ కుదరదమ్మా" అని పంపేశాడు. ఆమె ఏమైందో మాకు తెలీదు. తెలుసుకోవాలని మేమూ అనుకోలేదు. సభకి ఒకరోజు రానివాడిని మర్నాడు అందరి ముందూ కడిగేసేవాడు. తన మాటకి ఎదురు చెబితే మొహం తిప్పుకుని కాయలతో మాట్లాడుతున్నట్టు కూర్చునేవాడు. అన్నిటికంటే పెద్ద మొండితనం మాత్రల గురించి. డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతూ ఎవడూ సభలో కూర్చోకూడదు. సీసా వదిలి డాక్టరు చీటీ పట్టుకుంటే ఏం లాభం అనేవాడు.

దానికో కథ ఉంది. ఆయన పప్పు తినడు. మా వైపు పప్పు లేని భోజనం ఉంటుందా? ఉత్త చారు, పచ్చడితో తినేవాడు. ఆ ఇంట్లో పప్పు వండగా నేను చూడలేదు. ఒకసారి అడిగితే పిన్ని చెప్పింది. ఆయనకి ఒక అన్న ఉండేవాడట. బాగా తాగేవాడు. ఆ రోజుల్లో తాగుడు మాన్పిస్తామని సంతల్లో పొట్లాలు అమ్మేవాళ్లు. మనిషికి తెలీకుండా తిండిలో కలిపి పెట్టాలి, పెట్టాక మళ్లీ తాగితే ఒళ్లు తిరగబడుతుంది, ఆ భయంతో మానేస్తాడు. ఇదీ వాళ్లు చెప్పింది. వాళ్లమ్మ పాపం కొడుకు బాగుపడతాడని పప్పులో కలిపింది. ఆ అన్నకి తెలీదు. రోజూలాగే వెళ్లి తాగాడు. మొహం కందిపోయి, ఊపిరందక సారా కొట్టు మెట్ల మీదే పోయాడు. తమ్ముడు, అంటే మా బాబాయి, పొలం నుంచి పరిగెత్తుకు వెళ్లేసరికి అయిపోయింది. వాళ్లమ్మ మళ్లీ జన్మలో పప్పు వండలేదు.

అలాంటి మనిషి మాత్రలంటే మండిపడ్డాడంటే తప్పు పట్టేదేముంది? ఆయన సభ పెట్టిన కాలంలో ఈ ప్రాంతంలో తాగుబోతుకి దొరికే వైద్యం అదే. పొట్లాలు, పసర్లు, కొట్టి గొలుసులేసి పడేసే చోట్లు. వాటన్నిటినుంచీ మనుషుల్ని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. ఆ నియమం అప్పట్లో ఎంతమందిని కాపాడిందో. కాలం మారింది. ఒంగోలులో, గుంటూరులో చదువుకున్న డాక్టర్లు వచ్చారు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ వచ్చి మనిషి పోతాడని, కొన్నాళ్లు మాత్రలతో మెల్లగా దించాలని చెప్పారు. ఆయన మాత్రం ఆ సారా కొట్టు మెట్ల దగ్గరే ఆగిపోయాడు. మేము ఆయన దగ్గర ఆగిపోయాం.

మా తమ్ముడు నాకంటే ఎక్కువ తాగేవాడు. నేను మానేసిన రెండేళ్లకి వాడికీ బుద్ధి పుట్టింది. వాడి భార్య గుంటూరు తీసుకెళ్లి డాక్టరుకి చూపించింది. మాత్రలు ఇచ్చి, మధ్యలో ఆపొద్దని గట్టిగా చెప్పాడట. నాలుగో రోజున నేనే సభకి తీసుకెళ్లాను. అన్న మానేశాడు, తమ్ముడూ మానేస్తున్నాడు అని నాకు పొంగు. జేబులు తిరగెయ్యమన్నాడు బాబాయి. మాత్రల అట్ట కింద పడింది. "అదో, ఇదో తేల్చుకో" అన్నాడు. వాడు నాకేసి చూశాడు. నేను తల ఊపాను. అట్ట తీసి నా చేతిలో పెట్టి, వెళ్లి కుప్ప దగ్గర కూర్చున్నాడు. ఇంటికొస్తూ నేను దాన్ని సాగర్ కాలువలో విసిరేశాను. అంత దూరం ఎందుకు విసిరానో ఇప్పటికీ అర్థం కాదు. వాడు మనసు మార్చుకుని వెతుక్కుంటాడనుకున్నానేమో.

మూడో రోజు పత్తి చేలో ఫిట్స్ వచ్చి పడ్డాడు. ఆటోలో దర్శి చేర్చేలోపే నా ఒళ్లో పోయాడు.

బాబాయి వచ్చాడు. శవం మీదకి వంగి చాలాసేపు మొహం దగ్గర మొహం పెట్టి ఉన్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. పాడె పట్టాడు, కాటిదాకా భుజం మార్చలేదు. మర్నాడు సాయంత్రం సభలో, తొడిమ తీస్తూ, ఎవరికేసీ చూడకుండా, "వాడు దొంగచాటుగా తాగుంటాడురా. లేకపోతే అలా జరగదు" అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. వాడు తాగలేదని నాకు తెలుసు. ఆ మూడు రోజులూ పక్క మంచం మీద నేనే పడుకున్నాను. అయినా నోరెత్తలేదు. బాబాయి మాట తప్పయితే, నేను తాగకుండా నిలబడ్డదంతా దేని మీద? అది కూలితే రేపు సాయంత్రం ఆరింటికి నేనెక్కడ ఉంటాను? ఈ లెక్క వేసుకుని తమ్ముడిని తాగుబోతుగానే పోనిచ్చాను. మరదలు ఆ తర్వాత మా గడప తొక్కలేదు. నేను సభ మానలేదు. తొమ్మిదేళ్లు వెళ్లాను.

బాబాయి పోవడానికి నెల ముందు, ఒక మధ్యాహ్నం, వసారాలో మంచం మీద ఆయాసపడుతూ ఉన్నాడు. నేను ఫ్యాను బాగుచేద్దామని వెళ్లాను. ఉన్నట్టుండి, "మీ తమ్ముడు తాగలేదు కదరా" అన్నాడు.

"తాగలేదు బాబాయ్."

"నాకు ఆ రోజే తెలుసు. వాసన చూశాను. లేదు."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని ఏం చేయాలో తెలీక పట్టుకునే నిలబడ్డాను. అప్పుడే పిన్ని మజ్జిగ గ్లాసుతో గడపలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది.

"మరి ఎందుకలా అన్నావు?" అని అడిగాను.

"అప్పటికి షెడ్డు నిండా మనుషులున్నారురా. నా మాట తప్పని తెలిస్తే ఆ రాత్రికే సగం మంది తాగేవాళ్లు. నువ్వూ తాగేవాడివి. ఒకడు ఎటూ పోయాడు. మిగతావాళ్లనైనా చూసుకుందామనుకున్నాను."

"ఇప్పుడు చెప్పు. సభలో నువ్వే చెప్పు. మాత్రలు వాడొచ్చని ఒక్క మాట."

పైన ఆగిపోయి ఉన్న ఫ్యానుకేసి చూశాడు. "నా వల్ల కాదురా. నేను పోయాక నువ్వు చెప్పు. పోయినవాడి మాట ఎవడూ కాదనడు" అన్నాడు. నేను ఫ్యాను బిగించి వచ్చేశాను. సభలో మజ్జిగ పోయించుకోవడమే తప్ప ఆయనతో మాట్లాడలేదు, మళ్లీ ఆ వసారా ఎక్కలేదు. కోపం తగ్గాక వెళ్దామనుకున్నాను. తగ్గలేదు.

పదకొండో రోజు భోజనాల్లో విస్తరిలో ముద్దపప్పు వడ్డించారు. వంటవాళ్లకి ఎవరూ చెప్పలేదు. పిన్ని దానికేసి చూసింది. కలపకుండా పక్కకి పెట్టింది. నేనూ కలపలేదు.

తను పోయాక పదకొండో రోజుకి మించి సభ ఆపొద్దని ఆయన ఎప్పుడో చెప్పి ఉంచాడు. అందుకని ఆ సాయంత్రం ఆరింటికే షెడ్డులో చేరాం. ఆయన కూర్చునే చోట ఖాళీ వదిలారు. అప్పటికే గుమ్మంలో ఒక కొత్త మనిషి భార్యతో నిలబడి ఉన్నాడు. శ్రీను అని, మిల్లులో హమాలీ. మనిషికి ముప్ఫై ఏళ్లు ఉంటాయి. వారం నుంచి మాత్రలు వాడుతున్నాడని, నెల దాకా ఆపొద్దని ఒంగోలు డాక్టరు చెప్పాడని అతని భార్య అంజమ్మ పొద్దున్నే నాకు చెప్పింది. "మాత్రలతో రానిస్తారా అన్నా?" అని అడిగింది. రానిస్తారమ్మా, నాది పూచీ అన్నాను. ఎందుకంటే బాబాయి నా చేతిలో ఒక మాట పెట్టి పోయాడు.

లేచి నిలబడి చెప్పాను. వసారాలో జరిగింది జరిగినట్టు, నా తమ్ముడి సంగతి, కాలువలో విసిరిన అట్ట సంగతి కూడా చెప్పాను. తొమ్మిదేళ్లుగా గొంతులో ఉన్నది ఒక్క ఊపులో వచ్చేసింది. చెప్పి కూర్చున్నాను. ఎవరూ తొడిమ తీయట్లేదు.

సభలో అందరికంటే పాతవాడు ట్రాక్టరు వెంకటేశ్వర్లన్న. ఆయనే మొదట మాట్లాడాడు. "నీ తమ్ముడి బాధ మాకు తెలవనిదా? మేం మాత్రం ఏడవలేదా? అయినా తప్పురా. మనిషి బూడిద చల్లారకముందే ఆయన నోట్లో లేని మాటలు పెడతావా?"

"ఆయనే చెప్పమన్నాడన్నా."

"ఇరవై ఏళ్లలో మాతో ఒక్కరితో అనని మాట, నీతో ఒక్కడితో అన్నాడా?"

ఇంకొకతను, "అంత నిజమైతే ఆయనే చెప్పేవాడు గదా" అన్నాడు. నిజమే మరి, ఆయనే చెప్పేవాడు.

అప్పుడు పిన్ని వచ్చింది, మజ్జిగ బిందె దించడానికి. గుమ్మం దాకా వచ్చి అక్కడ పెట్టి పోతుందెప్పుడూ. నేను లేచి, "పిన్నీ, నువ్వు విన్నావు కదా. ఆ రోజు గడపలో నువ్వున్నావు కదా, చెప్పు" అన్నాను. అందరూ ఆమెకేసి తిరిగారు. ఆమె బొట్టు తీసిన నుదురు చూడలేక నేను తల దించుకున్నాను.

"నేను వినలేదు నాయనా" అంది.

ఆమె విన్నది. గ్లాసులో మజ్జిగ తొణికి ఆమె చీర మీద పడటం నేను చూశాను. ఆమె మీద నాకు కోపం లేదు. పదకొండు రోజుల క్రితం మొగుడు పోయిన మనిషి, మిగిలిన ఆ ఒక్క పేరూ తన చేత్తో పడగొట్టుకోమంటే ఎలా పడగొట్టుకుంటుంది? తొమ్మిదేళ్లు నోరు మూసుకున్నవాడిని నేనెవరిని ఆమెను అడగడానికి?

వెంకటేశ్వర్లన్న గుమ్మంకేసి తిరిగి, "అబ్బాయ్, జేబులు తిరగెయ్యి" అన్నాడు.

నేను వాళ్లకి అడ్డంగా వెళ్లి శ్రీనుని బయటికి తీసుకొచ్చాను. "నువ్వు ఈ సభకి రావద్దు. మాత్రలు ఆపొద్దు. నేను రోజూ మీ ఇంటికొచ్చి కూర్చుంటాను. సాయంత్రం ఆరింటికి, నేనూ నువ్వూ. కాయలు నేను తెస్తాను" అన్నాను. బతిమాలానంటే బతిమాలాను.

అతను షెడ్డులోకి చూశాడు. "నువ్వొక్కడివి వస్తే ఏమవుద్దన్నా? వీళ్లందరూ మానేసినోళ్లే కదా. వీళ్ల మధ్యన కూర్చుంటే నాకు ధైర్యం. ఒక్కణ్ణే ఉంటే తాగుతాను, నా సంగతి నాకు తెలుసు" అన్నాడు. అబద్ధమని ఎలా అనను? నేను నిలబడిందీ అలాగే. ఆయన కట్టిన సభ నిజం, దాని గుమ్మంలో ఆయన పెట్టిన నియమం తప్పు. ఒకటి ఉంచుకుని రెండోది తీసేయడం ఆయన ఒక్కడికే చేతనయ్యేది. ఆయన చేయకుండానే పోయాడు. ఆ కాలపు మనిషి, అంతకంటే ఏం చేస్తాడు అని నాకు నేను సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను. సారా కొట్టు మెట్ల దాకా ఆ మాట సరిపోతుంది. మా తమ్ముడి మొహం మీదకి వంగి వాసన చూసిన మనిషికి మాత్రం అది సరిపోవట్లేదు.

శ్రీను చొక్కా జేబులోంచి అట్ట తీసి నా చేతిలో పెట్టాడు. "నీ దగ్గరుంచన్నా" అని లోపలికి వెళ్లిపోయాడు. మా తమ్ముడు కూడా ఇలాగే మడత పడకుండా, జాగ్రత్తగా పెట్టాడు.

నేను లోపలికి పోలేదు. అంజమ్మ పక్కన గట్టు మీద కూర్చున్నాను. "ఎనిమిదింటికి ఒకటి వేసుకోవాలన్నా. బయటికొచ్చాక ఇద్దాం" అంది. తర్వాత తనే, "మింగడులే. మాట ఇచ్చి కూర్చున్నాడు గదా" అంది. లోపల దగ్గులు వినిపిస్తున్నాయి. ఎవరివి ఘాటుకో, ఎవరివి బాబాయికో తెలీలేదు.

ఎనిమిదింటికి పని ఆపారు. మజ్జిగ పోయడానికి ఎవరూ ముందుకి రాలేదు. చివరికి పిన్నే బిందె ఎత్తింది. ఆడమనిషి ఆ షెడ్డు లోపల అడుగుపెట్టడం అదే మొదటిసారి, ఎవరూ కాదనలేదు. ఒక్కొక్కరి చేతుల్లో పోసుకుంటూ వచ్చి శ్రీను ముందు ఆగింది. అతను దోసిలి పట్టాడు. మాత్రల అట్ట నా పిడికిట్లో ఉంది. ఆమె పోస్తూనే ఉంది, అతని చేతులు వణుకుతూనే ఉన్నాయి, మజ్జిగంతా వేళ్ల సందుల్లోంచి కారి తొడిమల మీద పడుతోంది.